ప్రామాణిక కుదుపు

మా రవాణా కార్యాలయం గురించి జామిపేటలో జనం నాలుగు రకాలుగా అనుకుంటారు. వాటిలో మూడు ఇక్కడ రాయదగ్గవి కావు. అక్కడ ఏ పనీ తొందరగా అవదు గానీ అయిన ప్రతి పనీ పద్ధతిగా అవుతుందన్నది నాలుగోది. దాన్ని నేను ఒప్పుకుంటాను. ఆ పద్ధతిని కాపాడే సూపరింటెండెంటును నేనే కాబట్టి ఒప్పుకోక తప్పదు కూడా.

నాకు బండి నడపడం రాదు. లైసెన్సులిచ్చే ఆఫీసులో పనిచేసేవాడికి బండి వచ్చి తీరాలని ఏ రూలూ లేదు. పెళ్ళి కాని పంతులుగారు ఊరందరికీ పెళ్ళిళ్ళు చేయించడం లేదా? నేను నడిచి ఆఫీసుకెళ్ళి, కూర్చుని, నడవగలిగినవాళ్ళకి బండెక్కే అర్హత ఉందో లేదో తేల్చి, మళ్ళీ నడిచి ఇంటికొస్తాను.

మా ఆవిడ హైమావతికి మాత్రం బండి వచ్చు. పుట్టింట్లో తమ్ముడి మోటార్ సైకిల్ మీద నేర్చుకుంది. సంతరోజున గేదెల మధ్యనుంచి, కూరగాయల గంపల మధ్యనుంచి మనిషి నడిచే వేగంతో, కాలు కింద పెట్టకుండా తీసుకుపోగలదు. లైసెన్సు లేదు. బడిపంతులమ్మగా ఇంటి పక్క వీధిలోనే ఉద్యోగం కాబట్టి ఇన్నాళ్ళూ ఆ అవసరం రాలేదు. ఆ వేసవిలో బదిలీలు జరిగి ఆమెను గుమ్మడిగూడ వేశారు.

గుమ్మడిగూడ కొండకింద ఊరు. ఒక గది బడి, ఒక పంతులమ్మ, చిన్న చిన్న పిల్లలు. మా ఊరినుంచి అటు వెళ్ళే బస్సు ఒక్కటే, అది తొమ్మిదిన్నరకి చేరుతుంది. విద్యాశాఖ వారి హాజరు పద్ధతేమో తొమ్మిదికల్లా బడి ముందు నిలబడి ఫోనుకి ముఖం చూపించాలంటుంది. తొమ్మిది దాటితే ఫోను ఎవరి ముఖాన్నీ గుర్తుపట్టదు. అలా కొన్నాళ్ళు గుర్తుపట్టకపోతే ఆ బడిలో పంతుళ్ళే లేరని లెక్క. పంతుళ్ళు లేని బడిని పెదగెడ్డ వాగు అవతలున్న బడిలో కలిపేస్తారు. ఆరేళ్ళ పిల్లలు గెడ్డ దాటి అంత దూరం నడవలేరు, మానేస్తారు. ఇదంతా హైమ నాకు పప్పు వడ్డిస్తూ చెప్పింది.

"మా తమ్ముడు బండి ఇస్తానన్నాడు. జూన్‌లోగా నాకు లైసెన్సు తీయించండి చాలు. మీ ఆఫీసే కదా!"

"మా ఆఫీసు కాబట్టే పద్ధతిగా రావాలి. లైసెన్సు లేకుండా రోడ్డెక్కావంటే నా తల తీసి ఎక్కడ పెట్టుకోను?"

"ఎక్కనులెండి. ఎనిమిది వేసి చూపించడమే కదా, నాకదెంత!"

ఆమె అన్నది నిజమే. అప్పటిదాకా మా మైదానంలో సున్నంతో గీసిన ఎనిమిది అంకె మీద ఎవరి బండి వాళ్ళు తెచ్చుకుని నెమ్మదిగా తిప్పి, కాలు కింద పెట్టకుండా బయటికొస్తే పాసయినట్టే. కానీ సరిగ్గా ఆ నెలలోనే పైవారికి సమానత్వం మీద ప్రేమ పుట్టింది. ఒకడు కొత్త బండి మీదా ఒకడు డొక్కు బండి మీదా పరీక్షకు రావడం అన్యాయమన్నారు. రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష, ఒకే బండి ఉండాలన్నారు. ఆఫీసుకొకటి చొప్పున 'ప్రామాణిక పరీక్షా వాహనం' పంపించారు.

మా బండి లారీలో వచ్చింది. కొబ్బరికాయ కొట్టాం, పూలదండ వేశాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ఎవరూ చెయ్యి పెట్టకుండా ఇంజనుకి, ట్యాంకుకి, ఎక్సలేటర్ తీగకి, ఆఖరికి సైడు స్టాండుకి కూడా సీసపు సీళ్ళు వేసి ఉన్నాయి. చూడముచ్చటగా ఉంది. దాన్ని నడపబోతేనే తెలిసింది.

ఎక్సలేటర్ కొద్దిగా తిప్పితే బండి ఏమీ అనేది కాదు. ఇంకొంచెం తిప్పినా ఏమీ అనేది కాదు. పోనీ ఇంకొంచెం అని తిప్పేసరికి ఒక్కసారిగా ఎగిరి ముందుకు దూకేది. భయపడి వదిలితే ముక్కు నేలకేసి ఆగేది. రోడ్డు మీద జోరుగా పోతే ఈ జబ్బు తెలియదు. నెమ్మదిగా పోతేనే తెలుస్తుంది, మా పరీక్షేమో నెమ్మదిగా పోవడం మీదే. మొదటిరోజు వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా పాసవలేదు. హైమ మొదటి మలుపులోనే కాలు కింద పెట్టింది.

తీగ వదులుగా ఉందనీ, హ్యాండిల్ దగ్గరున్న నట్టు కాస్త బిగిస్తే పోతుందనీ వరసలో నిలబడ్డ ప్రతివాడూ చెప్పాడు. టీ తెచ్చినవాడు చెప్పాడు. అందరికంటే ముందు హైమ చెప్పింది. నాక్కూడా అర్థమయిందంటే అదెంత చిన్న విషయమో ఊహించుకోవచ్చు. మా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తవిటినాయుడు గారు మంచి మనిషి. పరీక్షలు పెట్టేదీ, రోడ్డు మీద బళ్ళు ఆపేదీ ఆయనే. జిల్లానుంచి ఉప రవాణా కమిషనర్ చిదానందం గారు తనిఖీకి వచ్చినప్పుడు ఆయనే ధైర్యం చేసి విషయం కదిపారు.

"ఎక్సలేటర్ తీగ కూసింత వదులుగా ఉందండి. సీలిప్పి నట్టు బిగించీడానికి తమరు పర్మిషనిస్తే సిటికిలో పనండి."

చిదానందం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడిచారంటే ఒక సర్క్యులర్ పుడుతోందని మాకు తెలుసు.

"వదులు అని దేనితో పోల్చి నిర్ణయించారు?"

"మిగతా బళ్ళతోనండి."

"మిగతా బళ్ళు ప్రమాణం కావే! ఇది ప్రమాణం. బట్టల కొట్లో కొలబద్దతో గుడ్డని కొలుస్తారు గానీ, గుడ్డతో కొలబద్దని కొలుస్తారా నాయుడు గారూ?"

"కొలవరండి."

"కాబట్టి ప్రామాణిక వాహనంలో లోపం ఉండుటకు అవకాశమే లేదు. అందులో ఉన్నది లక్షణం. అభ్యర్థి సదరు లక్షణమునకు తగిన నైపుణ్యము అలవరచుకొనవలెను."

నాయుడు గారు నా వంక చూశారు. నేను కాగితం వంక చూశాను. ఆ మాటలు కాగితం మీద పెట్టాల్సింది నేనే.

అక్కడితో ఆగినా బాగుండేది. పక్క జిల్లాల బళ్ళు బాగానే ఉన్నాయనీ, అక్కడ జనం సుఖంగా పాసవుతున్నారనీ మావాళ్ళకి తెలిసింది. వెనకబడిన ప్రాంతంవాళ్ళకే ఈ అన్యాయమా అని పేపర్లో రాశారు. పైవారు వెంటనే స్పందించారు. మా బండి కుదుపు తగ్గించడానికి ప్రమాణం అడ్డొస్తుంది కాబట్టి, మిగతా అన్ని జిల్లాల బళ్ళకీ తీగలు వదులు చేయించారు. దానికి 'కుదుపు సమీకరణ కార్యక్రమం' అని పేరు పెట్టారు. కుదుపు ఎక్కడా ఎక్కువతక్కువలు కాకుండా కొలవడానికి ఒక పరికరం కూడా ప్రవేశపెట్టారు. అదొక స్టీలు గ్లాసు. నిండా మజ్జిగ పోసి ట్యాంకు మీద పెట్టి బండి కదిలించాలి. సగం ఒలికితే సక్రమం. నీళ్ళయితే ఎండకి ఆరిపోయి ఎంత ఒలికిందో తెలియదు కాబట్టి మజ్జిగ. మా ఆఫీసుకి గ్లాసు సీలు వేసిన పెట్టెలో వచ్చింది. మజ్జిగ మాత్రం స్థానికంగా సమకూర్చుకోమన్నారు.

మన ప్రాంతంలో కష్టమైన పరీక్ష ఒకటి పుట్టిందంటే, దాని వెనకే ఏం పుడుతుందో చెప్పనక్కర్లేదు. కాలేజీలో ఫిజిక్సు చెప్పే మల్లిబాబు సారు ఉద్యోగం మానేసి, మూతపడ్డ కళ్యాణమండపం అద్దెకు తీసుకుని కుదుపు కోచింగ్ పెట్టాడు. ఊరినిండా ఫ్లెక్సీలు కట్టాడు. వాటి మీద ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు, వెనక మెరుపులు మెరుస్తుంటాయి. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్, హాస్టల్ వసతి. ఆరో తరగతి పిల్లలకి ఫౌండేషను. పెళ్ళిచూపుల్లో అబ్బాయికి లైసెన్సు ఎన్నో ప్రయత్నంలో వచ్చిందని అడగడం మొదలైంది.

హైమ షార్ట్ టర్మ్‌లో చేరింది. ఒకసారి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి లోపలికి తొంగిచూశాను. అందరినీ పొడుగాటి బల్లల మీద కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చోబెట్టారు. బల్ల కాళ్ళకి తాళ్ళు కట్టి ఇద్దరు వస్తాదులు వెనకనుంచి లాగుతున్నారు.

"కుదుపు వొచ్చేక సర్దుకున్నోడు ఫెయిలు!" మల్లిబాబు సారు మైకులో అరుస్తున్నాడు. "కుదుపు రాకముందే సర్దుకున్నోడు పాసు! ఎక్సలేటరు తిప్పగానే మనసులో రెండంకెలు లెక్కెట్టండి. రెండు అనగానే నడుం ముందుకి! మెడ బిగువు! బండి ఎగరకముందు నువ్వెగరాల!"

"ఒకటి! రెండు!" అని అందరూ ఒక్కసారే ముందుకు వంగారు. మా ఆవిడ అందరికంటే ముందు వంగింది. ఏ పని చేసినా శ్రద్ధగా చేసే మనిషి.

జూన్ వచ్చింది, బడులు తెరిచారు. హైమ పొద్దున బస్సులో గుమ్మడిగూడ వెళ్ళేది. తొమ్మిదిన్నరకి దిగి, అలవాటు కొద్దీ ఫోనుకి ముఖం చూపించేది. ఫోను గుర్తుపట్టేది కాదు. పిల్లలు మాత్రం గుర్తుపట్టేవాళ్ళు. సుక్కి అని ఒకటో తరగతి పిల్ల బస్సు దిగే చోటికే ఎదురొచ్చి, "టీచరూ, ఫోను ఇయ్యాల ఏటంది?" అని అడిగేదట. సాయంత్రం మళ్ళీ బల్ల మీద కోచింగు. ఇంట్లో కూడా ఆ అలవాటు పోయేది కాదు. కుక్కరు కూతకు ముందు బుసమన్నప్పుడే ఆమె నడుం ముందుకు వంగేది. నాకు నవ్వొచ్చేది. ఆమెకు నవ్వొచ్చేది కాదు.

"ఇంకొక్క వారం ఇలాగే పోతే బడి తీసేస్తారు. తెలుసా మీకు?" అనేది.

రెండోసారి పరీక్షకు పిలుపొచ్చింది. హైమ బండెక్కింది. మెడ బిగించింది. ఎక్సలేటర్ తిప్పింది. ఆమె పెదవులు "ఒకటి, రెండు" అనడం నాకు కిటికీలోంచి కనిపించింది. నడుం ముందుకు విసిరింది. కుదుపు రాలేదు. బండి హాయిగా, మెల్లగా కదిలింది. రావలసిన కుదుపు రాకపోయేసరికి ఆమె ట్యాంకు మీద బోర్లా పడి, తేరుకోబోయి పక్కకి ఒరిగి, కాలు కింద పెట్టింది. ఆమె వెనక వచ్చినవాళ్ళందరూ అలాగే వరసగా పడ్డారు. లాంగ్ టర్మ్ వాళ్ళయితే ఇంకా గట్టిగా పడ్డారు.

నాయుడు గారు తెల్లబోయి నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"నానే సేసినాను బాబూ. మేడమ్ గారు సిన్నపిల్లల కోసం ఇంత పాట్లు పడతన్నారు గదా, మన మనిషి గదా అని, పొద్దున్నే సీలు కదలకుండా లోనికి రెంచీ దూర్చి రెండు సుట్లు బిగించీసినాను. బండి యెన్నపూసలాగ అయిపోనాది. ఇలగవుద్దని నానేటి కలగన్నానా?"

"ముందు చెప్పి చావొచ్చు కదండీ!"

"సెప్తే తమరు ఒప్పుకోరు గదండి, పద్ధతంటారు."

ఆయన సాయమే చేశారు, ఆ సాయం వల్లే మా ఆవిడ పడింది.

మర్నాడు ఆఫీసు గేటు ముందు షామియానా వేశారు. కోచింగు అభ్యర్థులు, వాళ్ళ తల్లిదండ్రులు, హాస్టలు వంటవాళ్ళు, మైకుతో మల్లిబాబు సారు. "మా కుదుపు మాకివ్వాలి!" అని నినాదాలు. ఒక పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, పొలం కౌలుకిచ్చి కొడుకుని కుదుపు నేర్పించాననీ, ఇప్పుడు ఎత్తేస్తే వాడేమైపోవాలనీ అడిగాడు. ముందు వరసలో హైమ కూర్చుని ఉంది. నేను గేటు ఊచల దగ్గరికి వెళ్ళాను.

"నువ్వు కూడానా హైమా? ఆ నట్టు బిగించాలని మొదట అన్నది నువ్వే కదా!"

"అన్నాను. మీరు విన్నారా? ఇప్పుడు నాకు సోమవారంలోగా లైసెన్సు కావాలి. కుదుపు పెడతారో తీస్తారో మీ ఇష్టం. ఏదో ఒకటి చేసి, దాన్ని మాత్రం రేపటి పరీక్ష అయ్యేదాకా మార్చకండి."

మధ్యాహ్నానికి చిదానందం గారు కారు దిగి షామియానాలోకి వచ్చారు. ప్రజల మనోభావాలను ప్రభుత్వం ఎప్పుడూ గౌరవిస్తుందన్నారు. కుదుపును దెబ్బతీయడానికి కొన్ని శక్తులు చేసిన కుట్రను ఛేదిస్తామన్నారు. ఇరవై నాలుగు గంటల్లో పూర్వపు కుదుపును పునరుద్ధరిస్తామనగానే చప్పట్లు మోగాయి. ఆ సాయంత్రమే సీసపు సీలు విప్పి నట్టు వదులు చేశారు. సీలు విప్పడానికి ఇదివరకు ఒప్పుకోనిది ఆయనే గానీ, అది బిగించడానికట, వదులు చేయడానికి కాదట. మజ్జిగ గ్లాసు పెట్టి చూశారు. సగం ఒలికింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. నాయుడు గారికి సంజాయిషీ మెమో ఇచ్చారు.

శనివారం హైమ ఒకటి, రెండు అనుకుని, ఎగిరి, వంగి, మళ్ళీ ఎగిరి, ఎనిమిది అంకె పూర్తి చేసి బయటికి వచ్చింది. చూస్తున్నవాళ్ళకి నడుములు నొప్పెట్టాయి. ఆమెకు చిదానందం గారు స్వయంగా లైసెన్సు, పూలగుత్తి ఇచ్చారు. మల్లిబాబు సారు ఆదివారానికల్లా ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టించాడు. దాని కింద 'గృహిణి, ఉపాధ్యాయిని, మన సెంటర్ ఆణిముత్యం' అని రాయించాడు.

సోమవారం ఆమె తమ్ముడి బండి మీద ఎనిమిదింబావుకే గుమ్మడిగూడలో ఉంది. ఫోను ఆమె ముఖాన్ని వెంటనే గుర్తుపట్టింది. కానీ ఆ ఊళ్ళో బడి ఉన్నట్టు దానికి తెలియలేదు. శుక్రవారమే ఉత్తర్వు అయిపోయిందట. బడికి తాళం వేసి ఉంది. పిల్లల్నీ పంతులమ్మనీ కూడా గెడ్డ అవతలి బడికి మార్చారు. సుక్కి తాళం దగ్గర పలక పట్టుకుని నిలబడి ఉందని చెప్పి, హైమ ఆ సాయంత్రం అన్నం తినలేదు. నాకూ సహించలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక పచ్చడి బాగాలేదన్నాను.

మా శాఖ మాత్రం పని ఆపలేదు. కొత్తగా లైసెన్సులు వచ్చినవాళ్ళు సొంత బళ్ళెక్కగానే పడిపోవడం మొదలైంది. వాళ్ళు నేర్చుకున్నది కుదుపు. వాళ్ళ బళ్ళేమో కుదపవు. సంతలో, గుడి సందులో, పెట్రోలు బంకు దగ్గర, ఎక్కడ నెమ్మదిగా పోవాల్సి వస్తే అక్కడ జనం తమంత తామే ముందుకు ఎగిరి ట్యాంకులకి ముక్కులు కొట్టుకునేవారు. చిదానందం గారు మళ్ళీ కళ్ళజోడు తుడిచారు.

"ప్రమాదములకు కారణము స్పష్టము. అభ్యర్థులు ప్రామాణికులు, వాహనములు ప్రామాణికములు కావు. కావున జిల్లాలోని సమస్త ద్విచక్ర వాహనములను ప్రామాణిక కుదుపు స్థాయికి తీసుకొనిరావలెను."

మెకానిక్కులందరూ తీగలు వదులు చేసి స్టిక్కరు అంటించే పనిలో పడ్డారు. హైమ నడిపే బండికీ అంటించారు. నాయుడు గారు మెమో పాప పరిహారంగా రోడ్డు కూడలిలో కుర్చీ వేసుకుని, మజ్జిగ కుండ, గ్లాసు పెట్టుకుని వచ్చే పోయే బళ్ళను ఆపేవారు. పాలవాళ్ళ క్యానుల్లో పాలు ఇళ్ళకి చేరేలోపు వెన్న తేలేవి. బండి వెనక కూర్చున్న అత్తగార్లు కోడళ్ళ మీద పంచాయితీలు పెట్టారు. అయినా ఊరు అలవాటు పడింది. మా ఊరు దేనికైనా అలవాటు పడుతుంది, అదంటేనే నాకు ఒక్కోసారి భయం వేస్తుంది.

ఈలోగా హైమ ఒక పద్ధతి పెట్టుకుంది. పొద్దున ముందు గుమ్మడిగూడ వెళ్ళి, అంత దూరం బొత్తిగా నడవలేని ఇద్దరు చిన్నపిల్లల్ని, సుక్కినీ దాని స్నేహితురాలు రాధమ్మనీ, వెనక ఎక్కించుకుని గెడ్డ దాటించి కొత్త బడికి చేర్చేది. పెద్దపిల్లలు నడిచేవాళ్ళు. నాలుగోరోజో ఐదోరోజో గెడ్డ ఇసుకలో నెమ్మదిగా పోతుంటే బండి కుదిపింది. సుక్కి జారి రాయి మీద పడింది, గడ్డం చీరుకుపోయింది. రెండు కుట్లు పడ్డాయి. వాళ్ళమ్మ ఇంక పంపనంది. హైమ ఇంటికొచ్చి, బండి స్టాండు వేసి, రెంచీతో హ్యాండిల్ దగ్గర నట్టు బిగించింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ప్రామాణిక స్థాయిని భంగపరచడం నేరమని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె చేతికి ఇంకా ఆ పిల్ల నెత్తురు అంటుకుని ఉంది. నోరు మూసుకున్నాను.

సుక్కి వాళ్ళమ్మని ఎలా ఒప్పించిందో తెలియదు గానీ ఒప్పించింది. తర్వాతి వారం ఒకరోజు పొద్దున్నే చిదానందం గారు మా ఆఫీసులో సమీక్ష పెట్టారు. ఎనిమిదిన్నర అవుతుండగా నాయుడు గారు తల వంచుకుని లోపలికి వచ్చారు. వెనక హైమ. బయట అరుగు మీద ఇద్దరు పిల్లలు, ఒకరి గడ్డానికి పట్టీ.

"గెడ్డ దారిలో స్పెషల్ సెకింగండి," అన్నారు నాయుడు గారు. "గలాసు ఎట్టినాను. వొక్క సుక్క కూడా ఒలకలేదండి. నాను సూడనట్టే ఒగ్గీద్దును. తవర పీఏ గారు నా పక్కనే ఉన్నారండి."

చిదానందం గారు గ్లాసు తెప్పించి చూశారు. అంచుదాకా మజ్జిగ అలాగే ఉంది.

"ఒక్క చుక్క కూడా!" అన్నారు, చావు కబురు విన్నట్టు. "అమ్మా, మీరు మా ఆణిముత్యం. నా చేతులతో లైసెన్సు ఇచ్చాను. మీరే ప్రమాణాన్ని ఇలా..."

"వెనక పిల్లలు కూర్చుంటారండి. కుదిపితే పడిపోతున్నారు."

"పిల్లలకు కూడా కోచింగ్ ఇప్పించవచ్చు కదా! ఫౌండేషన్ కోర్సు ఉంది."

"ఒకటో తరగతండీ. వాళ్ళకింకా అక్షరాలే రావు. అవి నేర్పడానికే తీసుకెళ్తున్నాను."

"అది విద్యాశాఖ పరిధి. మా పరిధిలో, సదరు లైసెన్సు తక్షణం రద్దు చేయబడినది. సూపరింటెండెంట్ గారూ, ఉత్తర్వు రాయండి."

నేను కలం తీశాను. హైమ నా వంక చూడలేదు. పర్సులోంచి లైసెన్సు తీసి బల్ల మీద పెట్టింది.

"తొమ్మిదికి బడి గంట. వీళ్ళని దింపేసి, సాయంత్రం వచ్చి మీరు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

"అమ్మా, లైసెన్సు లేకుండా మీరిప్పుడు బండి ఎలా నడుపుతారు?"

"అది మీ బల్ల మీదుంటే నాకు నడపడం రాకుండా పోతుందాండీ?" అని ఆమె బయటికి నడిచింది.

మేమందరం వరండాలోకి వచ్చాం, చిదానందం గారితో సహా. గేటుకి వెళ్ళే దారినిండా ఆవేళ పరీక్షకు వచ్చినవాళ్ళు వరస కట్టి ఉన్నారు. హైమ పిల్లల్ని ఎక్కించుకుని దారి కోసం చూసి, మైదానంలోకి తిప్పింది. సున్నం గీతల మధ్యనుంచి మొదటి సున్నా చుట్టి, రెండో సున్నా చుట్టి, మనిషి నడిచే వేగంతో, కాలు కింద పెట్టకుండా, వరస తోక పక్కనుంచి గేటు బయటికి వెళ్ళింది. వెనక సుక్కి చేతిలో పలక ఒకటి ఉంది. అది కూడా కదల్లేదు.

వరసలోంచి ఒకతను నా దగ్గరికి వచ్చి, చెవిలో అడిగాడు: "ఆ మేడమ్ ఏ కోచింగండి?"

నేను లోపలికి వెళ్ళి ఉత్తర్వు రాశాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ కాగితం రాయడానికీ నాకంతసేపు పట్టలేదు. భార్య లైసెన్సు రద్దు చేస్తూ ఆమెను చూసి గర్వపడ్డవాణ్ణి మా శాఖలో నేనొక్కణ్ణే అయుంటాను. గర్వంతో పాటు సిగ్గు కూడా వేసింది, అది ఆమెను చూసి కాదు.

ఉత్తర్వు స్వయంగా అందజేయాలని రూలు. సాయంత్రం ఇంట్లో అందజేశాను. ఆమె చదివి, మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టింది.

"రాధమ్మ తమ్ముణ్ణి కూడా పంపుతామన్నారు. ఇంకో ఇద్దరున్నారు. రేపటినుంచి రెండు ట్రిప్పులు వెయ్యాలి. చీకటితోనే బయల్దేరాలి నేను. క్యారేజీ మీరు కట్టండి."

"నేనా? నీ లైసెన్సు రద్దు చేస్తూ రాసింది నేనే కదే!"

"అందుకే."

మర్నాడు తెల్లవారకముందే లేచాను. పులిహోర కలిపాను, ఉప్పు కాస్త ఎక్కువైంది. పిల్లలకి కూడా సరిపోయేలా నాలుగు గిన్నెలూ నింపి, బండికి తగిలించాను. ఆమె ఎక్కి స్టార్టు చేసింది. మా సందులో గోతులున్నాయి, ఆవులు పడుకుని ఉన్నాయి, నెమ్మదిగానే పోవాలి. వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. బండి ఎక్కడా కుదపలేదు.